రెండు కొండల మధ్య సూర్యుడు

ఏ ప్రాథమిక పాఠశాల వరండాలో చూసినా, చిత్రలేఖనం పోటీ జరిగిన ఏ హాలు గోడ చూసినా ఆ బొమ్మ తగులుతుంది. రెండు ముక్కోణపు కొండలు, వాటి సందులోంచి తొంగిచూసే సగం సూర్యుడు, చుట్టూ పుల్లలు గుచ్చినట్టు కిరణాలు. కొండల మొదట్లో పుట్టి వంకరలు తిరుగుతూ కాగితం అంచుదాకా వచ్చే ఏరు. ఒడ్డున గుడిసె, పక్కనే వంగిన కొబ్బరిచెట్టు, పైన మూడు అంకెను పడుకోబెట్టినట్టు నాలుగు పక్షులు. కింద రాసిన పేర్లు తారుమారు చేసి అతికించినా ఎవరి బొమ్మ ఎవరిదో వేసినవాళ్ళే పోల్చుకోలేరు. ఏరన్నది ఏడాదిలో పది నెలలు ఇసుకగానే ఉండే అనంతపురం పల్లె పిల్లా ఇదే వేస్తుంది. కూకట్‌పల్లిలో ఏడో అంతస్తులో ఉండే పిల్లాడూ ఇదే వేస్తాడు. కొబ్బరిచెట్లకు కొదవలేని కోనసీమ పిల్లాడికి కనుచూపు మేరలో కొండ లేకపోయినా, వాడూ బుద్ధిగా రెండు నిలబెడతాడు. వీళ్ళెవరూ ఈ చోటు చూడలేదు. చూడనిదాన్ని ఇంత మంది ఇంత నమ్మకంగా ఎలా వేస్తున్నారు? అంతకన్నా ముందు, ఎందుకు వేస్తున్నారు?

బొమ్మ బాగోలేదని కాదు నా బాధ. అందులో పిల్లలు తేల్చుకోవలసింది ఏమీ లేదు, అదీ బాధ. అన్నీ ముందే తేలిపోయాయి: కొండలు రెండే, సూర్యుడు సందులోనే, ఏరు అటునుంచి ఇటే. బొమ్మలు వేయడంవల్ల పిల్లలకు లెక్కలు, సైన్సు, భాష వంటివన్నీ వస్తాయని ఈమధ్య విద్యావిధాన పత్రాలు గట్టిగా చెబుతున్నాయి. 2020 జాతీయ విద్యావిధానం కళను పాఠంలో కలిపి చెప్పమంది. మూడేళ్ళనుంచి ఎనిమిదేళ్ళ పిల్లల కోసం 2022లో వచ్చిన జాతీయ పాఠ్యప్రణాళిక చట్రమూ ఆ దారే పట్టింది. మాట మంచిదే. కానీ ఏ బొమ్మవల్ల? ఆ రెండు కొండల బొమ్మ వందసార్లు వేసిన పిల్లకి ఏ సబ్జెక్టులో ఏం వచ్చినట్టు?

ఒక చీమను తీసుకుందాం. చీమకి ఎన్ని కాళ్ళని అడిగితే రెండో తరగతి పిల్ల ఆరని టక్కున చెబుతుంది. మార్కు పడుతుంది. అదే పిల్లని చీమ బొమ్మ వెయ్యమనండి. తల ఒక సున్నా, మధ్యభాగం ఒక సున్నా, వెనకభాగం ఇంకాస్త పెద్ద సున్నా. ఇంతవరకూ సాఫీగానే సాగుతుంది. ఇక కాళ్ళు. ఆరూ ఎక్కడినుంచి మొదలవ్వాలి? సున్నాకి రెండు చొప్పున పంచితే ముచ్చటగా ఉంటుంది, చాలామంది అలాగే పంచేస్తారు. పంచబోయే ముందు ఒక్క క్షణం పెన్సిలు గాల్లో ఆగుతుందే, పాఠమంతా ఆ ఆగడంలోనే ఉందని నా అనుమానం. ఆరు అనే మాట తెలుసు, ఆరు ఎక్కడ అన్నది తెలియదు. నోటితో చెప్పేటప్పుడు ఆ తెలియనితనం బయటపడలేదు, ఎవరూ అడగలేదు కూడా. గీత గీయాలంటే మాత్రం ఏదో ఒక చోట మొదలుపెట్టి తీరాలి. ఇప్పుడా పిల్ల గోడవారన చీమలబారు దగ్గర చతికిలబడి చూస్తే ఆరు కాళ్ళూ మధ్యభాగంలోంచే వచ్చాయని, వెనకున్న పెద్ద సున్నాకి ఒక్క కాలూ లేదని కనిపెడుతుంది. అలా కనిపెట్టింది ఇక మరిచిపోవడం కష్టం.

మాటతో దాటెయ్యగలిగినవి గీతతో దాటెయ్యలేం. పిల్లలకే కాదు, మనకూ అంతే. ఆవు కొమ్ములు చెవులకి పైనా, కిందా? రోజూ ఆవుని చూసేవాళ్ళు కూడా బొమ్మ వెయ్యబోతే ఇక్కడ తడబడతారు. ఇంగ్లండులో లివర్‌పూల్ విశ్వవిద్యాలయానికి చెందిన రెబెకా లాసన్ 2006లో ఇలాంటి పరీక్షే సైకిలుతో పెట్టింది. రోజూ కంటపడే వస్తువే అయినా పెద్దవాళ్ళలో చాలామంది గొలుసుని ముందు చక్రానికి కూడా చుట్టేశారు, లేదా చట్రం గొట్టాలను హ్యాండిలు తిరగడానికే వీల్లేకుండా బిగించేశారు. అలాంటి సైకిలెక్కితే మలుపు దగ్గర గోతిలో పడటమే. వాళ్ళకి సైకిలు తెలియదా? తెలుసుననే అనుకున్నారు. తెలుసుననుకున్న చోట బొక్క ఉందని పెన్సిలు చూపించింది. ఏ సబ్జెక్టయినా పిల్లలనుంచి చివరికి కోరేది ఇదేనేమో: తనకి తెలియనిది సరిగ్గా ఎక్కడుందో పట్టుకోగలగడం. చిన్న వయసులో దీన్ని నేర్పడానికి బొమ్మను మించిన సాధనం నాకు తోచడం లేదు.

ఇక్కడ ఒక చిక్కుంది. చూసి వెయ్యడమే గొప్పయితే, పిల్లలు చూసినదాన్ని చూసినట్టు వెయ్యరు కదా? ఫ్రెంచి పండితుడు జార్జ్ ఆంరీ ల్యూకే తన కూతురి బొమ్మలతో మొదలుపెట్టి ఏళ్ళ తరబడి పిల్లల గీతలను పరిశీలించాడు. పిల్లలు కంటికి ఆనేది కాదు, తమకు తెలిసింది వేస్తారని 1927 నాటి పుస్తకంలో తేల్చాడు. అందుకే ఇల్లు వేస్తే గోడ అద్దంలా మారిపోయి లోపల పొయ్యి, మంచం, అమ్మ కనిపిస్తారు. చెరువు వేస్తే నీళ్ళు పైనుంచి చూసినట్టు, గట్టుమీది చెట్లు మాత్రం నాలుగు వైపులా పడుకున్నట్టు ఉంటాయి. పెద్దవాళ్ళకి నవ్వొస్తుంది. కానీ లండన్ బ్రిటిష్ మ్యూజియంలో, దాదాపు 3,400 ఏళ్ళ కిందట ఈజిప్టులో నెబామూన్ అనే ఉద్యోగి సమాధి గోడమీద వేసిన తోట బొమ్మ ఉంది. మధ్యలో కొలను, పైనుంచి చూసినట్టు. అందులో చేపలూ బాతులూ పక్కనుంచి చూసినట్టు. కొలను చుట్టూ చెట్లు, అవీ పక్కనుంచి చూసినట్టే. ఆ చిత్రకారుడికి చేతకాక అలా వేశాడని ఎవరూ అనరు. మన దగ్గర కథ చెప్పడానికి వేసే చెరియాల నకాషీ పటంలోనూ అంతే, ఎర్రటి నేల మీద కథ వరసవరసలుగా సాగుతుంది. దూరం పోయేకొద్దీ చిన్నదవుతుందన్న నియమం దానికి పట్టదు, కథ చెప్పేవాడి పుల్ల దేన్ని చూపిస్తే అదే ఆ క్షణానికి దగ్గర. కాబట్టి పిల్ల వేసిన చెరువు తప్పు బొమ్మ కాదు, ఒక లెక్క ప్రకారం వేసిన బొమ్మ. నీటి ఆకారం పైనుంచి చూస్తేనే తెలుస్తుంది, చెట్టు ఆకారం పక్కనుంచి చూస్తేనే తెలుస్తుంది. రెండూ చెప్పాలంటే ఏం చెయ్యాలి? సాంఘికశాస్త్రం పుస్తకంలో ఊరి పటం చూడండి. దారులు పైనుంచి, గుడి గోపురం పక్కనుంచి. పటం గీసేవాళ్ళు చేరిన చోటికి ఈ పిల్ల ఆరేళ్ళకే చేరింది. చెట్లు నిటారుగా వెయ్యమ్మా అని మనం సర్దబోయేది సరిగ్గా ఆ భూగోళ పాఠాన్నే.

భాష సంగతికొస్తే, మన మాటలోనే సాక్ష్యం ఉంది. పాత తెలుగులో చిత్తరువునీ వ్రాసేవారు, పద్యాన్నీ వ్రాసేవారు. రెంటికీ క్రియ ఒకటే. బొమ్మ వెయ్యడం, అక్షరం రాయడం అని విడగొట్టుకున్నది తర్వాతి సంగతి. రష్యన్ మనస్తత్వ శాస్త్రవేత్త లెవ్ వైగోట్‌స్కీ రాత చరిత్రను బడిలో కాక పిల్లల సైగల్లో, గీతల్లో వెతకాలన్నాడు. ఆయన గమనించినది ఒకటి నాకు భలే ఇష్టం. బాగా చిన్నపిల్లలు ముందు గీసేస్తారు, అంతా అయ్యాక చూసుకుని ఇది కుక్క అంటారు. కొన్నాళ్ళకి ఆ పేరు గీత సగంలో ఉండగానే వస్తుంది. ఇంకొన్నాళ్ళకి పెన్సిలు పట్టకముందే కుక్కని వేస్తానంటారు. పేరు చివరినుంచి మొదటికి జరిగింది. ఈ చిన్న జరుగుడులో ఎంత ఉందో చూడండి. ఇప్పుడు మాట జరిగిపోయినదానికి తగిలించే చీటీ కాదు, జరగబోయేదాన్ని నడిపించే పగ్గం. పెద్ద తరగతుల్లో వ్యాసం రాయమంటే పిల్లలు ముందు ఏం చెప్పాలో అనుకుని రాయడం లేదని మాస్టార్లు వాపోతుంటారు. అనుకుని రాయడమన్నది నాలుగేళ్ళ వయసులో కుక్క బొమ్మ దగ్గర మొదలైన పని. అప్పట్లో ఎవరైనా చుక్కలు పెట్టిచ్చిన కుక్కను కలపమని ఉంటే ఆ పేరు ముందుకు జరగవలసిన అవసరమే ఉండేది కాదు.

లెక్కలు ఇంకా రుచిగా ఉంటాయి. ఏటవాలు కప్పున్న ఇంటికి పొగగొట్టం పెట్టమంటే చిన్నపిల్లలు దాన్ని నేలకి నిటారుగా కాక కప్పుకి నిటారుగా పెడతారు, పొగగొట్టం పక్కకి ఒరిగిపోతుంది. సగం నీళ్ళున్న సీసాను ఒంచి, లోపల నీళ్ళు గీయమంటే సీసా అడుగుతోపాటు నీటిమట్టాన్ని కూడా ఒంచేస్తారు. మనస్తత్వ శాస్త్రవేత్తలు పియాజే, ఇన్హెల్డర్ 1948లో వెలువరించిన పుస్తకంలో దీన్ని వివరంగా రాశారు. నిట్టనిలువు, అడ్డం అన్నవి మనకి పుట్టుకతో వచ్చినట్టు అనిపిస్తాయి గానీ అవి పిల్లలు మెల్లిగా కట్టుకునేవని అప్పుడు తేలింది. కప్పుకి నిటారుగా ఉంటే అది కూడా లంబమే కదా అని ఒక క్షణం ఆలోచిస్తే, పిల్ల చేసింది లెక్కల తప్పు కాదు, దేనికి లంబంగా అన్న ప్రశ్నకి వేరే జవాబు అని తెలుస్తుంది. ఇక మన వాకిళ్ళ సంగతి. ఏడు చుక్కలు, నాలుగు దాకా సందుచుక్క అని ఒక అమ్మ అంటుంది. పక్కనున్న ఆరేళ్ళ పిల్ల మధ్య వరసలో ఏడు పెడుతుంది, పైకి ఆరు, ఐదు, నాలుగు, కిందికి కూడా అంతే. ప్రతి చుక్కా ముందు పెట్టిన వరసలో రెండు చుక్కల సందులో పడాలి. వరసలు ఏడు, చుక్కలు ముప్పై ఏడు, గట్టు చుట్టి చూస్తే షడ్భుజి. ఈ పేరు ఆ పిల్లకి ఇంకో నాలుగైదేళ్ళదాకా ఎవరూ చెప్పరు. ఒక చుక్క తప్పితే మాత్రం మెలిక ఎక్కడో కలవకుండా నోరు తెరుచుకుని ఉంటుంది. తప్పయిందని ముగ్గే చెప్పింది, టీచరు చెప్పనక్కర్లేదు. మద్రాసులో గిఫ్ట్ సిరోమనీ బృందం 1970లలో ఈ ముగ్గుల నియమాలనే పట్టుకుని కంప్యూటర్ శాస్త్రంలో వ్యాకరణాలు నిర్మించింది. పిల్లకి అదంతా ఎందుకు, తలుపు దగ్గర ముగ్గు కలిస్తే చాలు.

రంగుల దగ్గర ఇంకాసేపు ఆగాలి. పసుపుపచ్చ నిండుగా ఉన్న మూతలో ఒక్క బొట్టు నీలం వేస్తే చప్పున ఆకుపచ్చ అవుతుంది. అదే నీలం నిండిన మూతలో ఒక్క బొట్టు పసుపుపచ్చ వేస్తే ఏమీ కానట్టే ఉంటుంది. రెండు రంగులూ అవే, కలిపిందీ ఒక్కో బొట్టే. ఎందుకిలా? భిన్నాలు, నిష్పత్తులు అన్న మాటలు వినకముందే పిల్ల చేతికి అర్థమయ్యే సంగతి ఇది. ఎంత కలిపామన్నది ఒక్కటే కాదు, ఎంతలో కలిపామన్నదీ లెక్కే. ఆశకొద్దీ అన్ని రంగులూ కలిపితే బురద వస్తుంది, ఆ బురదలోంచి పసుపుపచ్చని వెనక్కి రప్పించడం ఎవరి తరమూ కాదు. ఇప్పుడు వంటింటి పసుపుని తీసుకోండి. పసుపునీళ్ళు పట్టించి ఆరబెట్టిన కాగితం మీద సబ్బునీళ్ళలో ముంచిన పుల్లతో గీస్తే గీత ఎర్రగా లేస్తుంది. పెళ్ళిలో పసుపూ సున్నం కలిపితే పారాణి ఎర్రబడేదీ ఇందుకే. ఆ ఎర్రగీత మీద నిమ్మరసం బొట్టు పడితే మళ్ళీ పసుపు తిరిగొస్తుంది. ఒక మార్పు వెనక్కి రాలేదు, ఇంకొకటి వచ్చింది. శ్రీకాళహస్తి కలంకారీలో బెల్లపునీళ్ళలో నానబెట్టిన తుప్పు ఇనుము ద్రావణంతో గీస్తే కరక్కాయ పట్టించిన గుడ్డ మీద గీత నల్లబడుతుంది. అది ఎన్ని ఉతుకులకైనా పోదు. ఇదంతా రసాయనశాస్త్రం అని పిల్లకి చెప్పాలా? చెప్పనక్కర్లేదనే నా అభిప్రాయం. ఏది తిరిగొస్తుంది, ఏది రాదు అన్న ప్రశ్న ఒకటి వేళ్ళకి అంటుకుంటే చాలు, ఏడో తరగతిలో ఆమ్లాలూ క్షారాలూ వచ్చినప్పుడు అది పాత నేస్తంలా పలకరిస్తుంది.

సరే, ఇంత చెప్పాక ఒక గట్టి అభ్యంతరం ఎదురవుతుంది, దాన్ని దాటేసి పోవడం మర్యాద కాదు. హార్వర్డ్‌లోని ప్రాజెక్ట్ జీరో అనే పరిశోధన కేంద్రంలో ఎలెన్ విన్నర్, లోయిస్ హెట్లాండ్ కళలవల్ల మిగతా చదువు బాగుపడుతుందన్న పరిశోధనలన్నిటినీ పోగేసి జల్లెడ పట్టి 2000లో ఫలితం ప్రకటించారు. చిత్రకళ నేర్చుకోవడంవల్లే చదువులో, లెక్కల్లో మార్కులు పెరిగాయనడానికి గట్టి ఆధారం దొరకలేదు. వాళ్ళేమీ కళలకు శత్రువులు కారు, ప్రేమికులే. ప్రేమ ఉండి కూడా లేనిది ఉందని చెప్పలేదు. మరి నేను పైన చెప్పినదంతా గాలికి పోయినట్టేనా? కాదనే అనుకుంటున్నాను, అయితే నేను వాదిస్తున్నది మార్కుల సంగతి కాదని ఒప్పుకోవలసి ఉంటుంది. ఆరు కాళ్ళు అని చెప్పిన పిల్లకీ, ఆరు కాళ్ళు ఎక్కడో వెతికిన పిల్లకీ పరీక్షలో పడే మార్కు ఒక్కటే. ప్రశ్నపత్రం ఆ తేడాని పట్టలేదు. అదే పరిశోధకులు 2007లో మరికొందరితో కలిసి రాసిన పుస్తకంలో మార్కుల గొడవ వదిలి, కళ తరగతిలో నిజంగా అలవడేదేమిటని చూశారు. నిదానించి చూడటం, లేనిదాన్ని ఊహించడం, విసుగొచ్చినా అంటిపెట్టుకుని ఉండటం, చేసినదాన్ని తిరిగి పరికించడం వాళ్ళకు కనిపించాయి. కెనడాలోని వాటర్లూ విశ్వవిద్యాలయంలో 2016 నాటి ప్రయోగాలు ఇంకొంచెం ముందుకు వెళ్ళాయి. ఒక మాట ఇచ్చి మళ్ళీమళ్ళీ రాయమన్నప్పటికంటే దాని బొమ్మ గీయమన్నప్పుడు ఎక్కువ గుర్తుంది, బొమ్మ బాగా కుదిరిందా లేదా అన్నదానితో నిమిత్తం లేదు. అయితే ఆ ప్రయోగాల్లో కూర్చున్నది కాలేజీ విద్యార్థులు, ఐదేళ్ళ పిల్లలు కారు. అంతవరకే దాన్ని వాడుకోవాలి. మా పిల్లకి బొమ్మలు రావండీ అనే తల్లిదండ్రులకి మాత్రం అది కాస్త ఊరట.

నన్ను నిజంగా కలవరపెట్టే అభ్యంతరం ఇంకొకటి, అది అవతలి పక్షం నుంచి కాక నా పక్షం నుంచే వస్తుంది. బొమ్మలో ఇన్ని పాఠాలున్నాయని గొంతు చించుకుంటే ఏమవుతుంది? రేపు పొద్దున ప్రతి బొమ్మ కిందా అభ్యసన ఫలితం అని ఒక గడి వస్తుంది. ఈ పువ్వుకి ఎన్ని రెక్కలో లెక్కపెట్టి రంగు వెయ్యుము. చేప బొమ్మ వేసి మొప్పలను గుర్తించుము. బొమ్మ మళ్ళీ వర్క్‌షీటైపోయి, రెండు కొండల చోట రెండు మొప్పలు వచ్చి కూర్చుంటాయి. 1973లో మనస్తత్వ శాస్త్రవేత్తలు లెప్పర్, గ్రీన్, నిస్బెట్ నర్సరీ పిల్లల మీద చేసిన ప్రయోగం ఇక్కడ గుర్తుకొస్తుంది. స్కెచ్‌పెన్నులతో ఇష్టంగా బొమ్మలు వేసుకునే పిల్లల్లో కొందరికి బొమ్మ వేస్తే బంగారు ముద్ర ఉన్న సర్టిఫికెట్ ఇస్తామన్నారు, ఇచ్చారు. కొన్నాళ్ళకి అవే పెన్నులు ఊరికే బల్లమీద పెడితే, బహుమతికోసం వేసిన పిల్లలు వాటితో గడిపిన సమయం మిగతావాళ్ళ సమయంలో దాదాపు సగం. బహుమతి వస్తుందని ముందు చెప్పకుండా ఇచ్చినవాళ్ళలో ఆ తగ్గుదల లేదు. ప్రతి బాలల దినోత్సవానికీ, ప్రతి స్వాతంత్ర్య దినోత్సవానికీ పోటీలు పెట్టి ప్రథమ బహుమతి టిఫిన్ బాక్సు ఇచ్చే మనకి దీంతో పనుందనుకుంటా. ఆ రెండు కొండల బొమ్మ ఎక్కడినుంచి వచ్చిందన్న మొదటి ప్రశ్నకి జవాబులో సగం కూడా ఇక్కడే ఉందేమో. గంటలో పూర్తవ్వాలి, జడ్జీకి నచ్చాలి, తప్పు పోకూడదు. ఇన్ని షరతుల మధ్య ఏ తెలివైన పిల్లయినా ఎప్పుడూ తప్పు పోని బొమ్మనే ఎంచుకుంటుంది.

ఖర్చు గురించి వచ్చే అభ్యంతరాన్ని నేను పెద్దగా పట్టించుకోను. బొగ్గు, జాజు, సున్నం, పసుపు, బచ్చలిపళ్ళు, మోదుగపూలు ఉన్న ఊళ్ళలో రంగుల డబ్బా లేక పాఠం ఆగిందంటే నమ్మబుద్ధి కాదు. నలభైమంది పిల్లలకి ఒకే టీచరు అన్నది మాత్రం నిజమైన కష్టం. నలభై చీమలను నలభై రకాలుగా వేస్తే ఎవరు చూస్తారు? నిజమే. కానీ చూడటమంటే దిద్దడమే కానక్కర్లేదు. 1944లో సేవాగ్రామ్ చేరి గాంధీ నయీ తాలీమ్ బడిలో కళ నేర్పిన దేవీప్రసాద్, కళే విద్యకు పునాది అని ఒక పుస్తకమే రాశాడు. పునాది వెయ్యడమంటే తప్పులు దిద్దడం కాదు. నలభై చీమలను గోడకి వరసగా అంటిస్తే పిల్లలే ఒకరి చీమని ఒకరు చూసి, నీ చీమకి కాళ్ళు తోకకున్నాయేంట్రా అని గొడవపడతారు. ఆ గొడవ తీరాలంటే మళ్ళీ చీమ దగ్గరకి వెళ్ళాల్సిందే, టీచరు దగ్గరకి కాదు.

ఆ సూర్యుడినే చూడండి. రెండు కొండల బొమ్మలో ఆయన ఎప్పుడూ సందులోనే, ఏ నెలయినా, ఏ ఊరయినా. కొండ లేని ఊళ్ళో సూర్యుడు ఎక్కడినుంచి వస్తాడు? నీళ్ళ ట్యాంకు వెనకనుంచో, సెల్ టవరు పక్కనుంచో, ఎదురింటి మేడమీద ఆరేసిన దుప్పటి వెనకనుంచో వస్తాడు. తూర్పు వాకిలి ఉన్న ఒక పిల్ల సంక్రాంతి సెలవుల్లో గడపలో కూర్చుని తన సూర్యుణ్ణి వేసిందనుకుందాం. ట్యాంకు సరిగ్గా ఎదురుగా ఉంటే, సూర్యుడు దానికి బాగా కుడిపక్కన వస్తాడు. మళ్ళీ వేసవి సెలవుల్లో, మే నెలాఖరున, అదే గడపలో కూర్చుని ఇంకో బొమ్మ వేస్తే ఆయన ట్యాంకు దాటి ఎడమపక్కకి వెళ్ళిపోయి ఉంటాడు, అక్కడున్న వేపచెట్టు కొమ్మల్లోకి. రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టి చూస్తే ఆ పిల్లకి ముందు వచ్చే ఆలోచన, తను ట్యాంకుని తప్పు చోట వేశానని.